సముద్రం వెనక అస్తరు

బరంపురం పెద్దబజారులో ధర్మలింగం కొట్టు ముందు తోలు వాసన ఉండేది కాదు. తక్కిన బైండింగు కొట్ల ముందు నడిచేవారిని పచ్చితోలు పలకరించేది, ఎముకల జిగురు పలకరించేది, వాటి మీద ముసిరే ఈగలు పలకరించేవి. ఇక్కడ మాత్రం వేయించిన చింతపిక్కల వాసన వచ్చేది. కోమటి ఇంట పుట్టి, అన్నదమ్ములందరూ ధాన్యం కొట్లు పెట్టుకుంటే, పుస్తకాలకు అట్టలు కట్టే పనిలోకి వచ్చినవాడు ధర్మలింగం. వచ్చేటప్పుడు తల్లికి మాట ఇచ్చి వచ్చాడు: తోలు ముట్టను, ఎముక ముట్టను. ఆ మాట నిలుపుకోవడానికి గుడ్డతో అట్ట కట్టాడు, గింజతో జిగురు వండాడు, మడతలు దువ్వడానికి ఎముకబద్దకు బదులు వెదురుబద్ద పట్టాడు.

"పప్పుకూటి బైండింగు," అని నవ్వేవారు తోటి బైండర్లు. "వానొస్తే ఉడికిపోతాది."

"ఉడకనీ. నెయ్యేసి మీకే వడ్డిస్తాను," అనేవాడు ధర్మలింగం, తల ఎత్తకుండా.

తోలు లేని పుస్తకానికి బలం పైనుంచి రాదు. లోపలినుంచి రావాలి. అట్టకూ కాగితానికీ నడుమ, కుట్టుకూ వెన్నుకూ నడుమ, ఎవరి కంటా పడకుండా అంటుకుని ఉండే పాతగుడ్డ నుంచి రావాలి. దాన్ని అస్తరు అంటారు. చదివేవాడు దాన్ని చూడడు, రాసినవాడు దాన్ని ఎరగడు. పుస్తకం చిరిగిన రోజున మాత్రమే అది వెలుగు చూస్తుంది. ధర్మలింగం చేతి అస్తరు వెలుగు చూడడం అరుదని ఊళ్లో అనుకునేవారు.

ఆ కొట్టు వెనక వసారాలో చింతపిక్కలు దంచడానికి అమ్మడు వచ్చి చేరింది.

అమ్మడుది సోనేపూర్. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి పల్లె. ఆమె భర్త కాసులు రంగం వెళ్లాడు. రంగూన్‌ను ఆ తీరాన అందరూ రంగమనే అంటారు. చేపల వేట పడని ఏట మగవాళ్లు గోపాలపురంలో స్టీమరెక్కడం, అక్కడి రేవులో మూటలు మోయడం, మరుసటి ఏడు పెళ్లానికి రంగురంగుల గొడుగు పట్టుకుని దిగడం ఆ పల్లెకు అలవాటే. కాసులు వెళ్లిన మరుసటి వేసవిలో ఆ రేవులో తెలుగు కూలీలకూ అక్కడి కూలీలకూ పోట్లాట రేగిందని, మనుషులు చచ్చారని కబురు వచ్చింది. ఎవరు చచ్చారో ఆ కబురు చెప్పలేదు. వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చారు. కాసులు రాలేదు. అతని కబురూ రాలేదు.

సముద్రం మింగినవాడికి, పరదేశంలో పోయినవాడికి, కాల్చడానికి దేహం ఉండదు. అందుకని ఆ పల్లెలో వాడు ఒంటిన కట్టి విప్పిన గుడ్డనే దేహంగా ఎంచి, నీరు వెనక్కి తీసే వేళ మొగలో వదులుతారు. గుడ్డ పోతే మనిషి పోయినట్టు. అది ఇంట్లో ఉన్నంతకాలం మనిషి ఉన్నట్టు. ఉతికిన గుడ్డ ఆ పనికి రాదు. వాడి చెమట, వాడి ఉప్పు అందులో ఉండాలి.

కాసులు ఆఖరి వేట నుంచి వచ్చి విప్పిన ఎర్రంచు పంచె ఒకటి ఇంట్లో ఉండిపోయింది. ఏడాది ఆగి అత్త దానమ్మ దాన్ని అడిగింది.

"ఆడింక బతికి నేడే అమ్మీ. కన్నదాన్ని, నాను సెప్తన్నాను. గుడ్డియ్యి. ఆడి దారికి ఆడిని పంపీసి, నీ దారి నువ్వు సూసుకో."

"ఆడు సచ్చిపోడం నువ్వు సూసినావేటత్తా?"

"బతికున్నాడని నువ్వు సూసినావేటి?"

అమ్మడు పంచె మూటగట్టుకుని, ఎండుచేపల బండి వెంట నడిచి, బరంపురం వచ్చేసింది. ధర్మలింగం భార్య కామాక్షి వీధిగుమ్మంలో నిలబడి, పిక్కలు దంచలేక భుజాలు పడిపోయాయని ఎవరితోనో మొరపెట్టుకుంటున్న వేళకు ఆ గుమ్మం ముందుకు వచ్చింది.

మొదట దంచడమే పని. పిక్కల్ని ఇసకలో వేయించి, పైతొక్క రాలగొట్టి, రేయంతా నానబెట్టి, తెల్లటి పప్పును వెన్నలా రుబ్బి, సన్నని సెగ మీద కలియబెట్టాలి. గరిట నుంచి తీగలా సాగి, తెగి, తెగినచోట గుండ్రంగా ముడుచుకుంటే జిగురు పాకానికి వచ్చినట్టు. పురుగు పట్టకుండా అందులో రవ్వంత మైలుతుత్తం వేయాలి. అమ్మడు చేతికి ఆ పాకం తొందరగానే తెలిసింది. ధర్మలింగం గమనించాడు. ఒకనాడు ఆమెను బల్ల దగ్గరకు పిలిచి, చేతికి పాతచీర ముక్క ఇచ్చాడు.

"సింపు."

"కత్తెరుంది కదేటి సావుకారూ?"

"కత్తెర అబద్ధమాడతాది. నూలు ఆడదు. సింపితే పోగు ఎంటే తిన్నగా ఎల్తాది."

ఆమె చింపింది. తిన్నగానే వెళ్లింది.

"ఇప్పుడు అంచు తీసీ. అంచు ఎప్పుడూ గట్టిది. నడుం మెత్తబడినా అది మెత్తబడదు. దాన్ని ఉంచినావంటే ఆరినాక ఒకేపు లాగి, కాగితాన్ని ముడత పెడతాది. తడపకముందే తీసీయాల."

"పాతగుడ్డే ఎందుకు? కొత్తది గట్టిగుంటాది కదా."

"కొత్తగుడ్డకి పొగరమ్మా. తడి తగిల్తే కుంచుకుంటాది, ఆరితే లాగుతాది. ఎన్నో ఉతుకులు సూసిన గుడ్డకి ఇంక ఏ కోరికా ఉండదు. ఎక్కడ పరిస్తే అక్కడ పడుంటాది. అలాటి గుడ్డతో ఏసిన అస్తరు కాగితం కన్నా ఎక్కువ కాలం బతుకుతాది."

"మా సావుకారమ్మ లాగన్నమాట."

"ఇన్నానే, ఇన్నాను," అంది లోపలినుంచి కామాక్షి.

ఆ ఏటి వర్షాలకు అమ్మడు పని బయటపడింది. సోనేపూర్ నుంచి వచ్చే చేపల బుట్టలవాళ్ల చేత ఆమె పాతచీరలు తెప్పించి, వాటితో పుస్తకాలకు వెన్నులు అతికింది. అందంగా అతికింది. శ్రావణం రాగానే ఆ వెన్నులు చెమర్చాయి. జిగురు ఎండలేదు, ఎండినచోట మళ్లీ తడిసింది. బూజు పచ్చగా లేచి అట్టల మీదికి పాకింది. బట్టలు ఉతికి, ఆరేసి, మెత్తగా ఉన్నవే తెప్పించానని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ధర్మలింగం మిగిలిన ముక్క ఒకటి తీసి నాలుక చివర పెట్టుకున్నాడు.

"సముద్రం గుడ్డ," అన్నాడు.

"ఉతికినవేనండి."

"ఎక్కడుతికినవి? మీ ఊరి నూతినీల్లే ఉప్పు. పుట్టిన కాడనుంచి ఉప్పు నోట్లో ఉన్నోల్లకి ఉప్పు తెలీదు. ఉప్పున్న గుడ్డ గాలిలోంచి తడి లాక్కుంటాది. మా ఊరి నీల్లలో నానబెట్టు. నీల్లు మార్చు. మల్లీ మార్చు. నాలిక మీద ఎట్టుకుని సూడు."

"ఎట్టుకుంటే ఏటి తెలియాల?"

"ఏటీ తెలియకూడదు. అప్పుడాపు."

ఆ విద్య ఆమెకు మరొక దారి చూపింది. మధ్యాహ్నం ధర్మలింగం కునుకు తీసే వేళ అమ్మడు వసారా మూల తన మూట విప్పేది. ఎర్రంచు పంచె చివర ఒకటి నాలుకకు ఆనించేది. ఉప్పు తెలిసేది. మళ్లీ మడిచి, మళ్లీ ముడివేసి, పిక్కల దగ్గరకు వచ్చి కూర్చునేది. అంతకంటే ఏ దేవుడికీ ఆమె ఏమీ చేయలేదు. గుడ్డ ఉప్పగా ఉంది కనుక మనిషి ఉన్నాడు.

బడి బంట్రోతు జగ్గన్న ఒక ఉదయం పెద్ద అట్లాసు నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"సముద్రం సిరిగిపోనాది సావుకారూ. కుట్టీగలవేటి?"

"ఎవులు సింపేరు?"

"పిల్లలు. గోపాలపురం నుంచి రంగానికి ఏలెట్టి స్టీమర్లు నడిపీసినారు. ఏడాది పొడుగునా నడిస్తే సముద్రమైనా ఆగుతాదేటి?"

రెండు పుటలు విప్పి పరిస్తే నడుమ మడతలో బంగాళాఖాతం నిలువునా చీలి ఉంది. ఇటు గంజాం తీరం, అటు బర్మా, మధ్య నీలం. ధర్మలింగం అమ్మడి వేలు పట్టుకోకుండా, వెదురుబద్ద చివరతో చూపించాడు. ఇది మన మొగ. ఇది రంగం.

అమ్మడు చాలాసేపు చూసింది. తన జానను ఆ నీలం మీద పరిచింది. మొగ మీద బొటనవేలు ఉంటే రంగం మీద చిటికెనవేలు పడింది.

"ఇంతేనేటి?"

"కాగితం మీద ఇంతే."

"ఇంతేగా," అంది అమ్మడు మళ్లీ, తనలో తాను. ఆ పూట ఆమె పిక్కలు దంచుతూ కూనిరాగం తీసిందని కామాక్షి ఆ రాత్రి భోజనం దగ్గర భర్తతో చెప్పింది.

పైడన్న వచ్చింది ఆ మరునాడే. కాసులుతో పాటు ఒకే స్టీమరులో వెళ్లినవాడు, అతనికి పినతండ్రి కొడుకు. గోపాలపురంలో దిగి, అమ్మడు ఇక్కడుందని రేవులో ఊరివాళ్ల చేత విని, ఊరికి పోకుండా ముందు ఇక్కడికి వచ్చాడు. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. వసారా మెట్టు మీద నిలబడ్డాడు కాని కూర్చోలేదు.

"ఒదినా."

అమ్మడు గరిట వదిలి అతని వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు.

"సెప్పు మరిదీ," అంది.

"రేవులోనే ఒదినా. ఆ పోట్లాటలోనే. పరిగెట్టినాం. ఆడు నా పక్కనే. ఎనకనుంచి తగిల్నాది. గోదాం గోడకాడికి ఈడ్సుకొచ్చినాను. నీల్లడిగినాడు. ఇచ్చినాను. తాగనేదు."

"మరి ఇన్నాల్లూ?"

"నా సెయ్యి ఇరిగింది. ఆసుపత్రిలో పడేసినారు. తరవాత మిల్లులో దూరినాను. నీకాడికీ పెద్దమ్మకాడికీ వొచ్చి ఈ మాట సెప్పడానికి నాకు మొకం సెల్లనేదు."

అమ్మడు గిన్నె అడుగున జిగురు అంటుకుంటున్నదని చూసి, కట్టెను వెనక్కి లాగింది.

"ఒంటిమీద ఏటుంది?"

"గల్లలుంగీ. అక్కడ కొన్నదే."

"ఆడిని ఏటి సేసినారు?"

"బండ్లొచ్చినాయి ఒదినా. అందర్నీ కలిపి తీసుకుపోనాయి. ఎక్కడికో నాకు తెలీదు." పైడన్న మెట్టు దిగాడు. "ఊరికెల్తన్నాను. పెద్దమ్మకి సెప్పాల."

అతను సందు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. తరువాత వసారా మూలకు వెళ్లి, మూట తెచ్చి, ధర్మలింగం ముందు బల్ల మీద విప్పింది. అట్లాసు పుటకు వేయడానికి ఆయన ఉదయం నుంచి పలచని గుడ్డ వెతుకుతున్నాడు. దళసరి గుడ్డ వేస్తే పటం మడత పడదు. మరీ పలచనైతే మళ్లీ చిరుగుతుంది. ఎర్రంచు పంచెను చూడగానే ఆయన చెయ్యి ముందుకు సాగి, సగంలో ఆగింది.

"ఇది నాను ఏయను. మీ యత్త వొస్తాది దీనికోసం."

"వొస్తాది. మొగలో ఒగ్గీమంటాది. ఒగ్గేస్తే ఎటు పోతాదో ఎవులికి తెల్సు సావుకారూ? ఆడు ఎటు పోనాడో తెలీదు. గుడ్డ కూడా అలాగే పోవాలేటి?" ఆమె గొంతు పెరగలేదు. "ఇక్కడైతే అంటుకునుంటాది. కాగితం కన్నా ఎక్కువ కాలం బతుకుతాదని నువ్వే సెప్పినావు."

ధర్మలింగం కామాక్షి వైపు చూశాడు. కామాక్షి గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

నేర్పినట్టే చేసింది అమ్మడు. ముందు అంచు తీసింది. ఎర్రటి పోగుల అంచు, తడి తగలకముందు, తన ఉప్పుతో తాను, పొడుగ్గా చేతిలోకి వచ్చింది. దాన్ని చుట్టి నడుం దగ్గర దోపుకుంది. మిగిలిన తెల్లగుడ్డను తొట్టిలో వేసింది. నీళ్లు పోసింది, నాననిచ్చింది, పారబోసింది. నాలుక మీద పెట్టుకుంది. సముద్రం. మళ్లీ నీళ్లు, మళ్లీ నానడం, మళ్లీ పారబోత. నాలుక మీద చెమట. మళ్లీ నీళ్లు. ఈసారి ఏదో దూరపు మాట, వినీ వినబడని పిలుపులా. ఇక్కడ ఆపితే బాగుండునని ఆమెకు తోచింది. ఆపితే వర్షాలకు సముద్రం చెమర్చి, పటమంతా బూజెత్తుతుందని కూడా తెలుసు. మళ్లీ నీళ్లు మార్చింది.

ఎండ వాలే వేళకు నాలుక ఏమీ చెప్పలేదు. గుడ్డ చివర పెదవుల మధ్య పెట్టుకుని, ఆమె తొట్టి పక్కన అలాగే ఉండిపోయింది. ధర్మలింగం రమ్మని పిలవలేదు. తనే వచ్చింది.

పటాన్ని బోర్లా పరిచి తడిపారు. వెనక నుంచి చూస్తే సముద్రం లేదు, మొగ లేదు, రంగం లేదు. తెల్లకాగితమూ, దాని నడుమ ఒక చీలికా. ఆయన చీలిక అంచుల్ని ఒకదానికొకటి చేర్చి పట్టుకున్నాడు. ఆమె పిక్కల జిగురు రాసి, పడుగు పోగు చీలిక వెంట పారేలా గుడ్డ పరిచి, వెదురుబద్దతో నడిమి నుంచి బయటికి, నడిమి నుంచి బయటికి, గాలి మిగలకుండా దువ్వింది. పైన చెక్క పెట్టి రాయి ఎత్తారు.

దానమ్మ తెల్లవారి వచ్చింది. నడిచి వచ్చింది, పాదాల నిండా దుమ్ము. వెనక పైడన్న. తిడుతుందని కామాక్షి భయపడి గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. దానమ్మ తిట్టలేదు. వసారా నేల మీద కూర్చుని చెయ్యి చాపింది.

"అమ్మీ. గుడ్డ."

అమ్మడు రాయి వైపు చూపించింది. "కడిగీసినానత్తా. దాని కిందుంది."

దానమ్మకు వెంటనే అర్థం కాలేదు. పైడన్న వంగి చెవిలో చెప్పాడు. చాపిన చెయ్యి ఒళ్లోకి దించుకుంది.

"ఉప్పు పోనాదేటి?"

"పోనాది."

"నీ మొగుడే. కాదన్ను. నాను మోసి కన్నాను కదే." దానమ్మ తన అరచేతిని తానే చూసుకుంటున్నది. "మొగలో ఒగ్గే ముందల ఒక్కపాలి మొకానికి అద్దుకుని వాసన సూసుకుందునే. దానికోసరమే అడిగినాను, ఏడాది నుంచి."

ధర్మలింగం రాయి మీద చెయ్యి వేశాడు. "ఇంకా ఆరనేదమ్మా. తడి మీద ఊడదీస్తే వొచ్చీస్తాది. పటం పోతే బడోల్లకి నాను సెప్పుకుంటాను."

"ఉప్పు నేని గుడ్డ నాకెందుకు సావుకారూ? అదిప్పుడు ఉత్తగుడ్డ."

అమ్మడి చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. అక్కడే ఆగింది. ఎర్రంచు చుట్ట ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది. రాత్రి దాన్ని ఒక్కసారి కూడా నాలుకకు ఆనించలేదు; అరిగిపోతుందేమోనని దాచుకుంది. దాని గురించి వసారాలో ఎవరికీ తెలియదు. అడిగేవారూ లేరు. దానమ్మ లేవడానికి నేల మీద చెయ్యి ఆనించింది.

"అత్తా."

చుట్ట విప్పి ఆ ఖాళీ అరచేతిలో పెట్టింది.

దానమ్మ దాన్ని ముక్కుకు ఆనించుకుంది. తరువాత పెదవులకు. కళ్లు మూసుకుని, "ఆడే," అంది. కొంతసేపటికి కళ్లు తెరిచి, కోడలి ఖాళీ చేతులు చూసి, అంచును రెండు చేతుల మధ్య బిగించింది.

"సగం నువ్వుంచుకో."

"ఆడిని సింపకత్తా," అంది అమ్మడు.

పెళ్లాం చేతులతోనే వదలాలి గనుక ఆమె కూడా సోనేపూర్ వెళ్లింది. నీరు వెనక్కి తీసే వేళ నడుం లోతున నిలబడి వదిలింది. ఎర్రని గీత ఒకటి నీటి మీద కొంతదూరం తిన్నగా సాగింది. పోగు వెంట చింపినట్టు. తరువాత అల వచ్చి దాన్ని మడిచేసింది.

కర్మలు ముగిశాక, ముంజేతులు బోసిగా, ఆమె బరంపురం తిరిగి వచ్చింది. అప్పటికి పటం ఆరింది. ధర్మలింగం ఆమె వచ్చేదాకా రాయి ఎత్తలేదు. విప్పి పరిస్తే సముద్రం ముడత లేకుండా ఉంది. చీలిక ఎక్కడుందో వేలితో తడిమినా దొరకలేదు. జగ్గన్న వచ్చి, వంగి చూసి, కళ్లజోడు లేనివాడిలా ఇంకా వంగి చూశాడు.

"ఎక్కడ కుట్టేరు సావుకారూ? తెలీడం నేదే."

"తెలీకూడదు."

"అలాగైతే మా పిల్లలు మల్లీ స్టీమర్లు నడిపీస్తారు," అని అట్లాసు మూసి, నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. అది బడి సొత్తని, బడికి వెళ్లిపోతుందని అమ్మడికి ముందే తెలుసు. అయినా వీధి చివరిదాకా నడిచింది. నెత్తి మీద నీలం అట్ట, సంత జనంలో, కాసేపు కనబడి, ఇక కనబడలేదు.

తిరిగి వచ్చేసరికి కామాక్షి తన పాతచీర ఒకటి వసారాలో పెట్టి ఉంచింది. ఊరినీళ్లలో ఏళ్లతరబడి ఉతికి, మంచులా మెత్తబడ్డ చీర. సముద్రం మొహం ఎరగని చీర. అమ్మడు అంచు తీసింది, తొట్టిలో నానబెట్టింది, నీళ్లు మార్చింది. చివర పిండి నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. చెంపల మీద నుంచి జారేది జారుతూనే ఉంది. దాన్ని తుడుచుకోవాలని ఆమెకు తోచలేదు.

"ఉప్పుంది సావుకారూ," అంది.

ధర్మలింగం బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాడు. గుడ్డ రెండో చివర అందుకుని నాలుకకు ఆనించాడు. మంచినీళ్ల రుచి తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం వైపు చూడకుండా, గుడ్డను మెల్లగా తొట్టిలో వదిలాడు.

"ఉందమ్మా," అన్నాడు. "నీల్లు మార్చు."